పాతవారు తిరిగి వస్తే అఫెన్సివ్ లైన్ నిజంగా మెరుగవుతుందా?

ప్రశ్న (హనుమకొండ)

మా అన్నయ్య చదువు కోసం అమెరికా వెళ్లినప్పటి నుంచి నేను అక్కడి కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్‌ను శ్రద్ధగా చూస్తున్నాను. ఏటా ఆగస్టు రాగానే విశ్లేషకులు, ఫలానా జట్టు అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఐదుగురిలో, నలుగురు మళ్లీ ఆడుతున్నారు కాబట్టి ఆ లైన్ నిరుటికన్నా గట్టిగా ఉంటుందని అంటుంటారు. నిరుడు తేలిపోయిన లైన్ అదే మనుషులతో ఈ ఏడు ఎలా బలపడుతుంది? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (జమ్మికుంట)

తమ్ముడూ, నేను చాలా ఏళ్లుగా పిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నాను. కార్నర్‌లో ఉన్నవాడు రైడర్ కాలు పట్టిన క్షణంలోనే కవర్ వచ్చి మీద పడాలి. ఆ అదను ఒకరి పక్కన ఒకరు ఆడితేనే అబ్బుతుంది. అఫెన్సివ్ లైన్‌లోనూ ఎదుటి ఇద్దరు దారులు మార్చుకొని దూసుకొచ్చినప్పుడు, లైన్ మధ్యవాడి పక్కన నిలిచే గార్డ్ తన మనిషిని చివరన ఉండే ట్యాకిల్‌కు అప్పగించి, అటునుంచి వచ్చేవాడిని అందుకోవాలి. అందులో ఒక్కరు తడబడినా క్వార్టర్‌బ్యాక్ నేలమీద ఉంటాడు. కాబట్టి ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారన్నది కాక, పక్కపక్కన ఎన్ని ఆడారన్నది లెక్కపెట్టాలని నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి, ఇరవై రెండేళ్లవాడికి ఒంటి బలంలో ఉండే తేడా కూడా చిన్నది కాదు.

సమాధానం (కరీంనగర్)

పెద్దలు చెప్పింది నిజమే కానీ, అనుభవం ఒక్కటే చాలదు. ఏటా ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కు ఉమ్మడిగా ఇచ్చే జో మూర్ అవార్డును 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) గెలిచింది. ఆ లైన్‌లో ఎక్కువమంది అంతకు ముందు ఏడాది ఆడినవారే. అయితే అదే ఏడాది జట్టు పాసింగ్ పద్ధతి మారింది, క్వార్టర్‌బ్యాక్ జో బరో బంతిని త్వరగా వదిలాడు. ఆ మెరుగుదలలో అనుభవం వాటా ఎంతో విడదీయడం కష్టం. మిషిగన్ 2021లో, మళ్లీ 2022లో ఆ అవార్డు గెలిచింది. రెండోసారి లైన్ నడిమధ్య సెంటర్‌గా నిలిచిన ఒలుసెగున్ ఒలువటిమి వర్జీనియా యూనివర్సిటీ జట్టు నుంచి అప్పుడే వచ్చినవాడు. అతని చుట్టూ పాతవారు ఉన్నారన్నదీ మరువరాదు.

ఇంకొక మాట. హైస్కూల్ ముగిసి మూడేళ్లు దాటితే వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లే వీలుంది గనుక, మెరికల్లో చాలామంది ముందే వెళ్లిపోతారు. మిగిలినవారిని చూసి మురిసేముందు, వెళ్లినవారు ఎవరో చూడాలి.

హనుమకొండ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈసారి ఎందరు తిరిగి వచ్చారన్నది కాక, ఎడమవైపు గార్డ్, ట్యాకిల్ జంటగా నిలిచారా, సెంటర్ మారాడా అన్నది ముందు చూస్తాను.