పడిపోయింది పావు కంచె: మొత్తం కొత్త కంచె ఖర్చులో సగం పొరుగు యజమానిని అడగవచ్చునా?

మూలవాటా (చర్చను ప్రారంభించినవారు)

నా స్థలానికీ పొరుగు స్థలానికీ నడుమ 30 మీటర్ల చెక్క కంచె ఉంది. మొత్తం 13 గుంజలు, వాటి మధ్య 12 అంకణాలు. నేను గానీ పొరుగు యజమాని గానీ అక్కడ నివసించడం లేదు. రెండూ అద్దెకు ఇచ్చిన ఇళ్లే. గత నెల వీచిన గాలికి 3 అంకణాలు, అంటే 7.5 మీటర్ల మేర, నేలకు ఒరిగిపోయాయి. నా అద్దెదారుకు చిన్న పిల్లలు ఉన్నందువల్ల ఆయన ఆ రోజే ఫిర్యాదు చేశారు. కంచెకు ఎలాగూ వయసు మీరింది కనుక మొత్తం తీసివేసి, ఇప్పటికంటే ఎత్తైన లోహపు కంచె వేయిద్దామని, ఖర్చు చెరి సగం భరిద్దామని నేను ప్రతిపాదించాను. తన అద్దెదారు ఏ ఫిర్యాదూ చేయలేదని, గుంజలు నా వైపు కనిపిస్తున్నాయి కనుక కంచె నాదేనని, కావాలంటే పడిన భాగాన్ని నేనే నిలబెట్టుకోవచ్చునని పొరుగు యజమాని బదులిచ్చారు. ఉమ్మడి సరిహద్దు మీద ఉన్న కంచెకు సగం అడగడంలో నా తప్పు ఏమిటో తెలియడం లేదు.

లెక్కపొత్తం

సగం అడగడంలో తప్పు లేదు. దేనిలో సగం అడుగుతున్నారన్న దగ్గరే చిక్కు ఉంది. ఇప్పుడున్న ఎత్తులోనే మొత్తం చెక్క కంచెను తిరిగి కట్టడానికి 100 పాళ్లు అవుతుందని, మీరు కోరుకున్న లోహపు కంచెకు 160 పాళ్లు అవుతుందని అనుకుందాం. పడిన భాగం మాత్రమే కడితే 25 పాళ్లు. మీ ప్రతిపాదన ప్రకారం పొరుగువారి వాటా 80, ఆయన దృష్టిలో గరిష్ఠంగా పన్నెండున్నర. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరమే మీ తగాదా అంతా.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1991 నాటి సరిహద్దు కంచెల చట్టం ఈ విషయాన్ని సూటిగా తేల్చింది. ‘సరిపడినంత కంచె’కు ఇరుగు పొరుగు యజమానులు సమానంగా చెల్లించాలి, అంతకు మించిన కంచెను ఎవరైనా కోరుకుంటే, ఆ అదనపు ఖర్చు కోరుకున్నవారిదే. ఆ సూత్రం ప్రకారం, పూర్తి మార్పిడి నిజంగా అవసరమైన పక్షంలో పొరుగువారి వాటా 50 పాళ్లు, మీది 110. అవసరం కాదని తేలితే ఆయన పన్నెండున్నరే న్యాయం. ఎత్తూ లోహమూ మీ అభిరుచి. ఆయన బాధ్యత కాదు.

గుంజలు ఎవరి వైపు కనిపిస్తే కంచె వారిదే అన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది కానీ, దానిని సర్వత్రా చెల్లే నియమంగా తీసుకోకూడదు. ఇంగ్లండులో ఇంటికి ఎడమవైపు కంచె ఇంటివారిదే అన్న నమ్మకమూ ఇలాంటిదే. అక్కడ చూడవలసింది దస్తావేజులను, ప్లానుపై సరిహద్దు బాధ్యత ఎవరిదో సూచించే ‘టి’ గుర్తును. అయితే గుర్తులకు అసలు విలువే లేదని కూడా అనలేము. ఫ్రెంచి సివిల్ కోడ్ 654వ అధికరణం ప్రకారం గోడ పైభాగం ఒకే వైపుకు వాలుగా ఉంటే, ఆ వాలు ఉన్నవైపు యజమానిదే గోడ అని భావిస్తారు. వాన నీరు ఎవరి నేల మీద పడుతుందో వారిదే గోడ అన్న తర్కం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

అద్దెచీటీ

నేను ఆ పొరుగు యజమాని పక్షాన మాట్లాడుతాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే స్థానంలో ఉన్నాను. అద్దె ఇంటి యజమానికి కంచె అంటే రాబడికి సంబంధించిన లెక్క. నా అద్దెదారుకు లేని అవసరం కోసం, పక్కింటి అద్దెదారును నిలుపుకోవడానికి వారి యజమాని చేసే పెట్టుబడిలో నేను ఎందుకు పాలు పంచుకోవాలి? ఇది నా సొంత మొండితనం మాత్రమే కాదు. కాలిఫోర్నియాలో 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్న సివిల్ కోడ్ 841వ సెక్షన్ కంచె వల్ల ఇద్దరికీ సమాన లాభం ఉంటుందనే ఊహతో మొదలవుతుంది కానీ, ఖర్చు ఒకరికి లాభంతో పొంతన లేనంత భారమైతే, లేదా ఆ పని అవతలివారి సౌందర్య దృష్టి వల్ల అనవసరంగా పెరిగినదైతే, ఆ ఊహను తోసిపుచ్చే అవకాశం కూడా అదే సెక్షన్ ఇస్తుంది.

పైగా అంచనా పత్రం తెచ్చినది ఎవరు? తనకు తెలిసిన కాంట్రాక్టరు చేత ఒకే ఒక అంచనా వేయించి, పని తామే చేయించి, బిల్లులో సగం పంపించే యజమానులను చూశాను. కంచె చేను మేయడమంటే ఇదే కదా.

లెక్కపొత్తం

అంచనా పత్రాల గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను. ఒక్కొక్కరు ఒక్కొక్క కాంట్రాక్టరు నుంచి తెప్పించుకోవాలి. ‘నా అద్దెదారు అడగలేదు’ అన్న వాదనను మాత్రం ఒప్పుకోలేను. అద్దెదారు వస్తాడు, పోతాడు. సరిహద్దు నేలతోపాటే ఉంటుంది. ఈ సంవత్సరం మీ ఇంట్లో పెద్దవారు ఉన్నారు, వచ్చే సంవత్సరం కుక్కను పెంచే కుటుంబం రావచ్చు. అద్దెకు ఉన్నవారి అవసరాన్ని బట్టి వాటా మారేటట్లయితే, ఏ కంచెకూ ఎవరూ చెల్లించరు.

గునపం

చట్టం, న్యాయం తరువాత మాట్లాడుకోవచ్చు. కంచెను మరమ్మతు చేయాలా, మార్చాలా అన్నది ముందు గుంజల మొదళ్లను అడగవలసిన ప్రశ్న. కొన్నేళ్లుగా కంచెల పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను, చెక్క గుంజ కుళ్లేది నేలమట్టం దగ్గర, తేమ, గాలి రెండూ అందే చోట. పైన ఎంత గట్టిగా కనిపించినా అక్కడ మెత్తబడితే పెద్దగాలికి విరుగుతుంది. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి గుంజనూ నేలకు ఆనుకుని నాలుగు వైపులా పొడిచి చూడండి. సులువుగా దిగిందంటే ఆ గుంజ పని అయిపోయినట్లే. నిలబడి ఉన్న 9 గుంజలూ గట్టివైతే మొత్తం మార్చాలన్న మీ వాదన నిలవదు. 9 కూడా మెత్తబడి ఉంటే 3 అంకణాలు మాత్రమే కట్టడం దండుగ. పలకలు, అడ్డపట్టెలు విడిగా మార్చుకోవచ్చు, వాటి గురించి ఆందోళన వద్దు.

పొరుగు యజమానిని కూడా పక్కన ఉంచుకుని పరీక్షించండి. మీరు ఒక్కరే తీసిన ఫోటోలను ఆయన నమ్మరు.

లెక్కపొత్తం

గునపం గారు చెప్పినదానికి అద్దె ఇళ్లకు మాత్రమే సంబంధించిన ఒక సంగతి చేర్చాలి. మరమ్మతు ఖర్చును, పూర్తి మార్పిడి ఖర్చును పన్ను శాఖలు ఒకే విధంగా చూడవు. ఆస్ట్రేలియాలో అద్దె ఇంటి కంచెలో దెబ్బతిన్న భాగాన్ని బాగుచేయిస్తే ఆ ఖర్చును సాధారణంగా అదే సంవత్సరపు రాబడి నుంచి తగ్గించుకోవచ్చు. మొత్తం కంచెను మార్చితే అది మూలధన వ్యయం అవుతుంది కనుక సాధారణంగా ఏడాదికి 2.5 శాతం చొప్పున 40 ఏళ్లపాటు తగ్గించుకోవాలి. అందువల్ల ఒక యజమాని మరమ్మతుకు మొగ్గుచూపడం పిసినారితనమే అయి ఉండనవసరం లేదు. ఇద్దరి లెక్కలూ వేరుగా ఉండవచ్చునని గుర్తుంచుకుని మాట్లాడితే మాట మెత్తగా సాగుతుంది.

పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. కాలిఫోర్నియాలో 30 రోజుల ముందు ఇవ్వాలి. న్యూజిలాండులో 1978 నాటి కంచెల చట్టం కింద నోటీసు అందుకున్నవారికి అభ్యంతరం తెలపడానికి 21 రోజుల గడువు ఉంటుంది. పని పూర్తిచేసి బిల్లు పంపితే న్యాయం మీ వైపు ఉన్నా డబ్బు రాకపోవచ్చు.

మూలవాటా

నిన్న ఇద్దరమూ కలిసి పరీక్షించాము. పడిపోయిన భాగంలోని 4 గుంజలు నేలమట్టం వద్దే విరిగాయి. నిలిచి ఉన్న 9 గుంజలలో 4 గట్టిగా ఉన్నాయి, 5 మెత్తబడ్డాయి. ఆ 5 గుంజల వెంబడే పొరుగువైపు పూలమడి ఉంది. దాని కోసం పోసిన మట్టి కంచె పలకలను ఆనుకుని రెండు జానల ఎత్తున ఉంది. ఎత్తైన లోహపు కంచె ఆలోచనను నేను విరమించుకున్నాను. పాడైన 9 గుంజలను మార్చి, బాగున్న పలకలను తిరిగి వాడదామన్నాను. విరిగిన 4 గుంజలకు, పడిన అంకణాలకు సగం ఇవ్వడానికి ఆయన అంగీకరించారు. మిగిలిన 5 గుంజలు ఆయన అద్దెదారు మట్టి పోయడం వల్లనే కుళ్లాయి కనుక వాటి ఖర్చంతా ఆయనదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

అద్దెచీటీ

విరిగిన ఆ 4 గుంజల దగ్గర మట్టి లేదు కదా? అయినా అవీ కుళ్లాయి. అంటే వయసే కారణం కావచ్చు.

గునపం

కావచ్చు, కానీ అదే వయసున్న మరో 4 గుంజలు మట్టి లేని చోట గట్టిగా నిలిచాయి. మట్టి ఆనుకుని ఉంటే తేమ ఆరదు, కుళ్లు త్వరపడుతుంది. మట్టి ఎంత త్వరపెట్టింది, వయసు ఎంత తిన్నది అని విడదీసి చెప్పగల మనిషి లేడు. నేనైతే ఆ 5 గుంజలకు కూడా సగం సగం వేసుకుని, మట్టిని కంచె నుంచి వెనక్కు జరిపించే ఖర్చు పూర్తిగా ఆయన మీద పెడతాను.

లెక్కపొత్తం

న్యూ సౌత్ వేల్స్ చట్టంలోనూ ఒక యజమాని నిర్లక్ష్యం వల్ల కంచె చెడితే ఖర్చంతా ఆయనే భరించాలని ఉంది, కానీ నిరూపించవలసిన భారం మీ మీద పడుతుంది. అంతకుముందు ఒక సంగతి తేల్చుకోండి: మట్టి పోసినది ప్రస్తుత అద్దెదారేనా? అద్దెకు ఇచ్చేటప్పుడు తీసిన తనిఖీ ఫోటోలు పొరుగు యజమాని దగ్గర ఉండాలి.

మూలవాటా

ఉన్నాయి, ఆయనే పంపించారు. ప్రస్తుత అద్దెదారు చేరకముందు తీసిన ఫోటోలోనే పూలమడి కనిపిస్తోంది, కనుక ఆ అద్దెదారు డిపాజిట్ జోలికి వెళ్లే హక్కు ఆయనకు లేదు. మట్టి పోయించినది తానేనని ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. గునపం గారు చెప్పిన విధంగానే నోటీసు రాశాను: 9 గుంజలకూ చెరి సగం, మట్టి జరిపించడం ఆయన వంతు, అభ్యంతరం తెలపడానికి నెల గడువు, రెండు వేర్వేరు అంచనా పత్రాలు జతపరిచాను. ఈలోగా పిల్లలు అటు వెళ్లకుండా పడిన చోట నా ఖర్చుతోనే తాత్కాలికంగా వల కట్టించాను. దానిని ఉమ్మడి లెక్కలో చేర్చలేదు.