‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’: ఏ ప్రతి చూడాలి?

వాంగ్ కార్-వై 2000లో తీసిన ఈ సినిమా నాకు ప్రాణం. 1962 నాటి హాంకాంగ్‌లో, ఇరుకు గదుల్లో పక్కపక్కనే అద్దెకున్న ఇద్దరి కథ. నాయిక మ్యాగీ చుంగ్ నూడుల్స్ డబ్బా పట్టుకుని మెట్లు దిగే దృశ్యాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అయితే పాత డీవీడీలో నిండుగా ఉన్న ఎరుపు, 2020లో ఎక్కువ స్పష్టతతో పునరుద్ధరించి తెచ్చిన 4కె ప్రతిలో ఆకుపచ్చ ఛాయకు తిరిగింది. దర్శకుడే దగ్గరుండి చేయించారట, అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. అప్పట్లో దీన్ని థియేటర్‌లో చూసినవారు ఎవరైనా ఉన్నారా? తెరమీది రంగులు ఏ ప్రతికి దగ్గరగా ఉండేవి?

ఇంకొక సందేహం. సినిమా కాంటనీస్‌లో నడిచినా, ఇంటి యజమానురాలు షాంఘై భాష మాట్లాడుతుంది. ఏ మాట ఏ భాషలోదో వేరుచేసి చూపే సబ్‌టైటిళ్లు ఎక్కడ దొరుకుతాయో దయచేసి చెప్పండి.