అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన ఈ రాయి, తీగలు ఏంటి? పాత నర్సులు ఎవరైనా చెప్తారా

ఒంగోలు పాప:

మాది ఒంగోలు. బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా అమ్మమ్మ నర్సుగా చేసి రిటైరైంది, పోయినేడాది చనిపోయింది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ఆమె ట్రంకుపెట్టె అడుగున ఒక స్టీలు డబ్బా బయటపడింది. లోపల వేలెడంత నల్లరాయి, జుట్టు కంటే కాస్త లావుగా ఉన్న తీగముక్కలు ఏడెనిమిది, ఒక గాజు సిరంజి, మూడు సూదులు. రాయి మధ్యలో సన్నగా గాడి పడి ఉంది. కత్తెరకు సానబెట్టే రాయేమో అని మా అమ్మ అంటోంది. కాలేజీలో మేడమ్‌కి చూపిస్తే సిరంజిని గుర్తుపట్టారు గానీ రాయి సంగతి చెప్పలేకపోయారు.

ట్రైనింగ్ రోజుల గురించి ఎప్పుడడిగినా అమ్మమ్మ "ఏముందే, దూది చుట్టాం" అనేసేది. అంతకుమించి మాట రాదు. నిజంగా అంతేనా?

కావలి వెంకటాపురం:

ఆ తీగలు స్టవ్ పిన్నులేమో చూడండి. కిరసనాయిలు స్టవ్‌లో మసి అడ్డం పడితే మా అమ్మ అలాంటివాటితోనే పొడిచేది.

రిటైర్డ్ సిస్టర్, నెల్లూరు:

స్టవ్ పిన్నులు కావు తమ్ముడూ, కానీ పని అదే.

పాపా, ఆ రాయి సూదులకు సానబెట్టేది. తీగలు సూది బెజ్జంలో దూర్చేవి, స్టైలెట్లు అనేవాళ్ళం. ఇప్పుడు సూది ఒకసారి వాడి పారేస్తారు. మాకు ఒక్కో సూది నెలల తరబడి వచ్చేది. వార్డుకు ఇన్ని అని లెక్క. పొద్దున ఇంజెక్షన్లు అయ్యాక సూదులన్నీ కడిగి, తీగ దూర్చి అటూ ఇటూ లాగి, మొన అరిగినవి వేరుగా పెట్టి, నూనెబొట్టు వేసి ఆ రాయి మీద ఏటవాలుగా నూరేవాళ్ళం. గాడి అందుకే పడింది. నూరాక మొనని దూది మీద లాగి చూడాలి. పోగు పట్టుకుని వస్తే మొన కొక్కెంలా వంగిందని అర్థం, మళ్ళీ నూరాలి. అలా చూడకుండా పొడిస్తే రోగి మంచం మీంచి లేచి మన అమ్మానాన్నల్ని కూడా కలిపి తిట్టేవాడు. నన్ను తిట్టారు.

నేను 1973లో నెల్లూరులో ట్రైనింగ్‌కి చేరాను. మాది కనిగిరి వైపు పల్లెటూరు. పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా. పదో తరగతిలో ఉండగా 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, ట్రైనింగ్‌కి చేరేసరికి దాని పేరు ప్రకాశం అయింది. అప్లికేషన్‌లో ఏ జిల్లా రాయాలని గుమాస్తాని అడిగితే, "మీ ఊరేమన్నా నడిచిపోయిందా ఏంది, ఏదో ఒకటి రాయి" అన్నాడు.

మీ అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. మొదటి ఆర్నెల్లు దూదే. పెద్ద దూదిచుట్ట తెచ్చి ముందర పడేస్తే బంతులు చుట్టాలి, గాజ్ గుడ్డ కత్తిరించి తెగిన అంచులు లోపలికి పోయేలా మడవాలి. ఒక్క పోగు బయటికి కనపడినా నర్సులందరికీ పెద్దయిన మేట్రనమ్మ మొత్తం విప్పించేది. పుండులో పోగు మిగిలిపోతుందని. అవన్నీ డ్రమ్ముల్లో సర్ది, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కి పంపడం. మధ్యాహ్నం గ్లవ్స్ పని. రబ్బరు గ్లవ్స్ కడిగి, నీళ్ళు నింపి చిల్లు ఉందేమో చూసి, తాడు మీద ఆరేసి, తిరగేసి మళ్ళీ ఆరబెట్టి, పౌడరు అద్ది జతలుగా పెట్టడం. చిల్లుపడ్డవాటికి సైకిల్ ట్యూబుకి వేసినట్టే సొల్యూషన్ రాసి ముక్క అంటించేవాళ్ళం. అవి ఆపరేషన్లకి పనికిరావు, వార్డులో పరీక్షలకే. ఒకసారి మా నాన్న చూడ్డానికి వచ్చి, తాడు మీద యాభై చేతులు వేలాడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఇక సిరంజి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గాజు సిరంజి బారెల్ మీద, అంటే మందు పట్టే గొట్టం మీద ఒక నంబరు, లోపల తోసే పిస్టన్ మీద అదే నంబరు ఉంటుంది. ఏ జతకి ఆ జత ఒకదానికొకటి సరిపోయేలా అరగదీస్తారు. నేను చేరిన ఏడాది ఒక తెల్లవారుజామున ఆరు సిరంజిలు విప్పి, గుడ్డలో చుట్టకుండా ఒకే స్టెరిలైజర్‌లో పడేశాను. ఇరవై నిమిషాలు మరిగాక చూస్తే ఏది దేనిదో తెలీదు. మసక వెలుతురులో అంత చిన్న అంకెలు ఎక్కడ కనపడతాయి? చేతికి వచ్చింది ఎక్కించేశా. ప్రొకేయిన్ పెన్సిలిన్ పాలలా చిక్కగా ఉంటుంది, నొక్కుతుంటే సగం మందు వెనక్కి కారి నా మోచేతి దాకా వచ్చింది. ఆ పేషెంటు పెద్దాయన "మందు నాకా, నీకా అమ్మాయ్?" అన్నాడు. వార్డంతా నవ్వింది. వార్డు సిస్టర్ నవ్వలేదు. ఆ కంగారులో ఇంకోటి వేడివేడిగా తీసి చన్నీళ్ళ కింద పెట్టా, ఠప్‌మని పగిలింది. దాని ఖరీదు నా స్టైపెండులో కోశారు. ఇంటికి పంపే డబ్బులు ఆ నెల తగ్గితే, ఎందుకు తగ్గాయో అమ్మకి చెప్పలేదు.

టోపీ గురించి కూడా అడుగుతావేమో. మెస్సులో వంచిన గంజిలో ముంచి కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టేవాళ్ళం, అట్టలా నిలబడేది. వానాకాలం మాత్రం నెత్తిమీద చపాతీయే.

మా వార్డుకు మా వైపు నుంచి వచ్చే ముసలివాళ్ళు ఎక్కువ. కనిగిరి, పొదిలి, దర్శి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని తెలిసిందే కదా, దాంతో పళ్ళ మీద మచ్చలు పడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. మద్రాసు డాక్టర్లు 1937లోనే ఆ ఎముకల జబ్బు గురించి రాశారు, అప్పటికి అదంతా నెల్లూరు జిల్లాయే. నడుం, మెడ కొయ్యబారిపోయి ఉంటాయి. మాకు నేర్పిన పద్ధతిలో ఒక పక్కకు దొర్లించి బెడ్‌పాన్ పెట్టబోతే కేకలు వేసేవాళ్ళు. మా తాతది అదే ఒళ్ళు. ఇంట్లో మా నాయనమ్మ మోకాళ్ళ కింద దుప్పటి ఉండచుట్టి పెట్టి, మెడా నడుమూ ఒకే దుంగలా ఇద్దరు కలిసి తిప్పించేది. నేనూ అలాగే చేశా. వార్డు సిస్టర్ దూరం నుంచి చూసింది, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి అలాంటి కేసు ఏది వచ్చినా "కనిగిరి పిల్లని పిలవండి" అనేది. అంతకుముందు నా పళ్ళ మీది మచ్చలు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఆ ముసలివాళ్ళు ఆ పళ్ళు చూసే "ఏ ఊరు తల్లీ మీది?" అని అడిగేవాళ్ళు.

గూడూరు మెడికల్ షాపు:

మేడమ్, చదవడానికి బాగుంది గానీ, ఒకే సూది అంతమందికి పొడిస్తే జబ్బులు అంటుకోవా? వింటుంటేనే టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సిస్టర్, నెల్లూరు:

అడగాల్సిన మాటే బాబూ. ఒకరికి పొడిచింది మరిగించకుండా ఇంకొకరికి వాడకూడదని నేర్పారు, మేమూ పాటించాం. అయినా లోపల రక్తం గడ్డకట్టి ఉంటే మరిగించినా లాభం లేదు, అందుకే ఆ తీగ. రద్దీ రోజుల్లో అన్నిచోట్లా ఇరవై నిమిషాలూ మరిగాయని నేను ప్రమాణం చెయ్యను. కామెర్లు సూది వల్ల వస్తాయని పుస్తకంలో చదివాం, భయపడ్డాం, పని మాత్రం వాటితోనే చేశాం. 1986లో మద్రాసులో హెచ్ఐవీ బయటపడ్డాక అసలు భయం పట్టుకుంది. ప్లాస్టిక్ సిరంజి చించి వాడి పారేసిన మొదటి రోజు, చెత్తబుట్టలోంచి తీసి కడగబోయాను. అలవాటు.

ఒంగోలు పాప:

ఆంటీ, చదువుతూ అమ్మ ఏడ్చేసింది. మీరు చెప్పినట్టు దూది మీద లాగి చూశా, మూడు సూదుల్లో రెండు ఇప్పటికీ పోగు పట్టట్లేదు! సిరంజి మాత్రం పిస్టన్ వదులుగా జారిపోతోంది. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే బారెల్ మీద 31, పిస్టన్ మీద 37 అని ఉంది.

రిటైర్డ్ సిస్టర్, నెల్లూరు:

అయితే మీ అమ్మమ్మ కూడా విప్పి ఒకే గిన్నెలో పడేసిన రకమే. ఆ రోజు వార్డులో 37 బారెల్‌తో, 31 పిస్టన్‌తో ఇంకో పిల్ల ఎవరో మోచేతి దాకా మందు కార్చుకుని ఉంటుంది.

సూదులు తడి లేకుండా తుడిచి, తీగలు బెజ్జంలో దూర్చి డబ్బాలో పెట్టు పాపా. తీసేస్తే బెజ్జం తుప్పుతో మూసుకుపోతుంది.