మోకాళ్ల నొప్పులవాళ్లు, అలిపిరి మెట్లెక్కేవాళ్లు ఒకే క్లాసులో ఉంటే ఎలా నడపాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఫిజియోథెరపీ విద్యార్థిగా 60 దాటినవాళ్లకు 45 నిమిషాల వెల్‌నెస్ క్లాసు చెబుతున్నాను. అనుభవమున్నవాళ్ల సలహా కావాలి.

చిక్కంతా కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం దగ్గరే. 8 సార్ల చొప్పున 2 విడతలు చేయిస్తాను. లేచేటప్పుడు చాలామంది ఊపిరి బిగబడతారు, దాంతో బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. "ఊపిరి వదలండి" అని చెప్తే మరిచిపోతారు. పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టిస్తే బిగబట్టడం కుదరదు. మోకీళ్లు అరిగినవాళ్లకు కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

కానీ 3,550 మెట్లెక్కాలనుకునేవాళ్లకు ఇది చాలదు. వాళ్లకు 15 సెంటీమీటర్ల పీట మీద ఎక్కి దిగే సాధన కావాలి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దగ్గరుండి చూడాలి. ఆ సమయంలో మిగతావాళ్లకు ఏం అప్పజెప్తారు?

ఇంకొకటి. క్లాసయ్యాక, చేసిన పనిని తిరిగి చూసుకుని నేర్చుకోవడానికి విద్యావేత్త గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన ఆరు దశల ప్రకారం రాస్తే, "ఎలా అనిపించింది" దగ్గరే పేజీ నిండుతోంది. ఎవరు ఎక్కడ ఆగారో, ఏ సూచన అందలేదో దొరకాలంటే మీరేం రాసుకుంటారు? నొప్పి ఉన్నా "బాగుంది నాయనా" అనే పెద్దవాళ్లను ఏమని అడుగుతారు?