హైబిస్కస్ మీడ్ 1.060 దగ్గర ఆగిపోయింది, ఏం చేయాలి?

తేనెజాడీ_ఆస్టిన్:
మీడ్ (తేనె నీళ్లు పులియబెట్టి చేసే మద్యం), ఒక గాలన్ బ్యాచ్. తేనె 3 పౌండ్లు (దాదాపు 1.36 కిలోలు), 71బీ ఈస్ట్ ఒక ప్యాకెట్, ఫర్‌మెయిడ్-ఓ (ఈస్ట్‌కు పోషకం) రెండు విడతలు. మెక్సికన్ షాపుల్లో అమ్మే ఎండు హైబిస్కస్ 60 గ్రాములు, కెమొమైల్ 10 గ్రాములు మొదటి రోజే గుడ్డలో మూటకట్టి వేశాను. మొదటి సాంద్రత రీడింగ్ 1.105 (చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ ఇది తగ్గాలి). 1.060కి వచ్చాక వారం దాటినా కదలట్లేదు. గది 19 డిగ్రీల సెల్సియస్. కుళ్లిన గుడ్డు వాసన లేదు. పులుపు మాత్రం చింతపండు రసంలా ఉంది. ఇంకో ప్యాకెట్ ఈస్ట్ వేసెయ్యనా? తర్వాత లావెండర్, తులసి కూడా వేద్దామనుకుంటున్నా, ఎంతెంత వేయాలి?

మడ్డి_మాస్టారు:
ఈస్ట్ అప్పుడే వేయకండి, అదీ అక్కడే చస్తుంది. అనుమానమంతా హైబిస్కస్ మీదే. ఆ ఎర్ర రేకులు మన పెరటి మందారం కాదు, గోంగూర జాతి మొక్క కాయల చుట్టూ ఉండే తొనలు, వాటి నిండా పులుపే. తేనె నీళ్లకు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి తక్కువ కాబట్టి మామూలు మీడ్‌లోనే పీహెచ్ చకచకా పడిపోతుంది. దానికి తోడు 60 గ్రాములంటే చాలా ఎక్కువ. 3.0 కిందికి దిగితే ఈస్ట్ పని మానేస్తుంది.

ముందు పీహెచ్ కొలవండి. కాగితపు స్ట్రిప్పులతో వద్దు, ఎర్ర రంగు అంటుకుని తప్పు చూపిస్తాయి. డిజిటల్ మీటర్‌ను పీహెచ్ 4, 7 ఉన్న ద్రావణాలతో సరిచేసి, శాంపిల్‌ను గ్లాసులో బాగా కలిపి గ్యాస్ పోయాక ముంచండి.

నురగ_నాయుడు:
1.060 చూసింది దేంతో? రిఫ్రాక్టోమీటర్ అయితే ఆల్కహాల్ మొదలయ్యాక అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. హైడ్రోమీటర్ రీడింగే లెక్క.

తేనెజాడీ_ఆస్టిన్:
హైడ్రోమీటరేనండీ. మీటర్‌లో పీహెచ్ 2.9.

మడ్డి_మాస్టారు:
దొరికింది. మూట తీసేయండి, పిండకండి, వగరు దిగుతుంది. పులుపు తగ్గించే పొటాషియం బైకార్బొనేట్ ఒక గ్రాము తీసుకుని, కప్పులో కాస్త మీడ్‌తో కలిపి, బుసబుస తగ్గాక జాడీలో పోయండి. పొడి నేరుగా జాడీలో వేస్తే నురగ మూతి దాటి పొంగుతుంది. కప్పులో ఎరుపు ఊదాకు తిరిగితే కంగారు పడకండి, జాడీలో కలిశాక సర్దుకుంటుంది. కలిపి, కొలిచి, మళ్లీ ఒక గ్రాము. పీహెచ్ 3.4 దాటితే చాలు. వంటసోడా వద్దు, ఉప్పదనం వస్తుంది.

గదిని 21 దాకా తెండి. 1.105 నుంచి 1.060 అంటే ఆల్కహాల్ సుమారు 6 శాతమే, పోషకాన్ని ఈస్ట్ ఇంకా తీసుకోగలదు. ఫర్‌మెయిడ్-ఓ మరో గ్రాము వేయండి. 9 శాతం దాటాక వేస్తే దండగ. మూడు రోజుల్లో కదలిక లేకపోతే అప్పుడు ఈసీ-1118 అనే గట్టి ఈస్ట్: 43 డిగ్రీల నీళ్లలో గో-ఫర్మ్ (ఈస్ట్ నానబెట్టేటప్పుడు వేసే పోషకం) కలిపి, అందులో ఈస్ట్‌ను 20 నిమిషాలు నాననిచ్చి, మీ మీడ్‌నే కొంచెం కొంచెంగా పోస్తూ అలవాటు చేసి జాడీలో వేయండి.

పుదీనా_పిల్ల:
లావెండర్ గాలన్‌కు 3 గ్రాములు మించొద్దు, మించితే సబ్బు నీళ్లే. పులియడం అయిపోయి, మడ్డి వదిలేసి వేరే జాడీలోకి సైఫన్ చేశాకే వేయాలి. ముందే వేస్తే బయటికొచ్చే గ్యాస్‌తో పాటు సువాసనా పోతుంది. రెండో రోజు నుంచి రోజూ రుచి చూసి, సరిపోయిందనిపించగానే మూట తీసేయండి. ఎండు తులసి 4 గ్రాములు చాలు, లవంగం ఘాటు దానిలోనే ఉంటుంది. నన్నడిగితే హైబిస్కస్‌తో తులసి ఒక్కటే నప్పుతుంది, లావెండర్ ఇంకో బ్యాచ్‌కి దాచండి.

పూల కొట్టు గులాబీలు వాడకండి, పురుగు మందులు కొట్టి ఉంటాయి. దేవుడికి పెట్టే పూలన్నీ నోట్లో పెట్టేవీ కావు. గన్నేరు, ఉమ్మెత్త విషం.

కొత్తపేట_కుర్రాడు:
ఇది హైదరాబాద్‌లో ఇంట్లో చేసుకోవచ్చా అన్నా?

నురగ_నాయుడు:
వద్దు తమ్ముడూ. లైసెన్సు లేకుండా మద్యం తయారీ ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100. అమ్మకూడదు, బట్టీ పెట్టకూడదు.

ఆస్టిన్ గారూ, చివర్లో తీపి కోసం తేనె కలిపేటట్లయితే, రీడింగ్ రెండు వారాలు కదలకుండా నిలిచాకే కలపండి. దానికి ముందు గాలన్‌కు క్యాంప్‌డెన్ బిళ్ల (బ్యాక్టీరియాను అణిచే సల్ఫైట్) ఒకటి నలిపి, పొటాషియం సోర్బేట్ అర టీస్పూను వేయాలి. సోర్బేట్ ఈస్ట్‌ను చంపదు, పెరగకుండా ఆపుతుందంతే. అందుకే జోరుగా పొంగుతున్నప్పుడు వేస్తే ఉపయోగం లేదు, మూత బిగించాక సీసాలు పగులుతాయి. క్యాంప్‌డెన్ మానేసి సోర్బేట్ ఒక్కటే వేసినా చిక్కే: బ్యాక్టీరియా దాన్ని తిని జెరేనియం ఆకు వాసన పుట్టిస్తుంది. పూల మీడ్ కాబట్టి ఏదో పువ్వు వాసన అనుకుని వదిలేస్తారు, అది ఇక పోదు.