అప్‌డేట్: ఊదా క్రేప్ మర్టిల్ మొగ్గ తొడిగింది

ఒంగోలులో మా మూడేళ్ల క్రేప్ మర్టిల్ (గుత్తులుగా పూసే అలంకరణ చెట్టు) ఆకులే వేస్తోంది, పూయట్లేదని ఇంతకుముందు అడిగింది నేనే. కారణాలు రెండు: యూరియా, నీడ. యూరియాలోని నత్రజని ఎక్కువైతే కొమ్మలే సాగుతాయి. యూరియా ఆపి, అడ్డొచ్చే మునగ కొమ్మలు కొట్టించాక రోజూ 6 గంటలకు పైగా ఎండ తగులుతోంది.

పూత కొత్త చిగుళ్ల కొసనే వస్తుంది. అందుకే జనవరి చివర్లో పెన్సిల్ కన్నా సన్నటి కొమ్మలు మాత్రమే తీశాం. చాలామంది మోడు చేసేస్తారు, అది తప్పు. అక్కణ్ణుంచి వచ్చే బలహీనమైన రెమ్మలు గుత్తుల బరువుకు వంగిపోతాయి.

ఆకుల మీద నల్లమసి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) వల్ల. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టాలి.

ఆకుల అంచులు మాడటం బోరు ఉప్పునీళ్ల వల్ల. వారానికోసారి మంచినీళ్లు పాదు నిండా పెడుతున్నాం. వాడిన గుత్తులు కాయ కట్టకముందే కత్తిరిస్తే మళ్లీ పూస్తుంది.