స్ట్రట్స్ యాక్షన్: యూనిట్ టెస్ట్ పాస్, బ్రౌజర్‌లో ఫెయిల్. ఏ టెస్ట్ ఎక్కడ రాయాలి?

ప్రశ్న

సెలవు దరఖాస్తుల అప్లికేషన్‌ని స్ట్రట్స్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) 6 నుంచి 7కి మార్చాం. జేయూనిట్ టెస్టుల్లో యాక్షన్ (రిక్వెస్ట్‌ని అందుకుని పని చేసే క్లాస్) ఆబ్జెక్ట్ సృష్టించి, సెట్టర్లతో విలువలిచ్చి, సర్వీస్ స్థానంలో మోకిటో మాక్ (నకిలీ ఆబ్జెక్ట్) పెట్టి, ఎగ్జిక్యూట్ పిలుస్తున్నాం. అన్నిటికీ "సక్సెస్" వస్తోంది. బ్రౌజర్‌లో అదే ఫారం నింపి సబ్మిట్ నొక్కితే "కారణం రాయండి" అన్న ఎర్రర్‌తో మళ్లీ అదే పేజీ. కారణం రాసే పంపుతున్నాం. లాగ్‌లో ఎక్సెప్షన్ కూడా లేదు. ఇలాగైతే యూనిట్ టెస్టులు పక్కన పెట్టి అన్నీ సెలీనియంలోనే (బ్రౌజర్‌ని నడిపే టెస్ట్ టూల్) రాసుకోవాలా?

జవాబు 1

ముందు ఫారం సంగతి చూద్దాం. సెట్టర్ మీద స్ట్రట్స్‌పారామీటర్ యానొటేషన్ ఉందా? ఇది 6.4లో వచ్చింది, అప్పట్లో కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకునేవారు. 7.0 నుంచి డిఫాల్ట్‌గానే ఆన్. యానొటేషన్ లేని సెట్టర్‌కి రిక్వెస్ట్‌లోని విలువ చేరదు, ఎక్సెప్షనూ రాదు. ఫీల్డ్ నల్‌గా ఉండిపోతుంది, వ్యాలిడేట్ అది చూసి ఎర్రర్ పెడుతుంది, వర్క్‌ఫ్లో ఇంటర్‌సెప్టర్ (ఇంటర్‌సెప్టర్లంటే యాక్షన్‌కి ముందు వరుసగా నడిచే మెట్లు) "ఇన్‌పుట్" అని వెనక్కి పంపుతుంది. ఉద్యోగి ఆబ్జెక్ట్ లోపలి పేరు లాంటి ఫీల్డ్ అయితే యానొటేషన్ ఉద్యోగి గెట్టర్ మీద ఉండాలి, డెప్త్ 1 అని ఇచ్చి.

మీ టెస్ట్ దీన్ని పట్టుకోలేకపోవడానికి కారణం, సెట్టర్‌ని టెస్టే స్వయంగా పిలుస్తోంది. పారామ్స్ ఇంటర్‌సెప్టర్ చేయాల్సిన పని మీరు చేసిపెట్టారు. ఎగ్జిక్యూట్‌ని నేరుగా పిలిస్తే వ్యాలిడేట్ కూడా నడవదు, దాన్ని పిలిచేది ఎగ్జిక్యూట్ కాదు, ఇంటర్‌సెప్టర్. టైప్ కన్వర్షన్, స్ట్రట్స్ ఎక్స్‌ఎంఎల్‌లోని మ్యాపింగ్, జేఎస్పీ (పేజీ టెంప్లేట్) కూడా ఈ టెస్ట్ కంటికి కనబడవు.

అలాగని యూనిట్ టెస్టులు తీసేయకండి. సెలవులు మిగలకపోతే ఏ రిజల్ట్, సర్వీస్ ఎక్సెప్షన్ విసిరితే ఏ రిజల్ట్, ఇవన్నీ మిల్లీసెకన్లలో తేలిపోవాల్సినవి. వీటికోసం బ్రౌజర్ తెరవడం దండగ.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. కానీ యూనిట్ టెస్టుకీ బ్రౌజర్ టెస్టుకీ మధ్య ఒక మెట్టు ఉంది, మీ బగ్ సరిగ్గా అక్కడ దొరికేది: స్ట్రట్స్ జేయూనిట్ ప్లగిన్. సర్వర్ అక్కర్లేదు. స్ట్రట్స్ ఎక్స్‌ఎంఎల్ చదివి, నకిలీ రిక్వెస్ట్‌తో అసలు ఇంటర్‌సెప్టర్ వరుసనంతా నడుపుతుంది. టెస్ట్ క్లాస్‌ని స్ట్రట్స్‌జేయూనిట్4టెస్ట్‌కేస్ నుంచి ఎక్స్‌టెండ్ చేయండి. రిక్వెస్ట్‌లో పారామీటర్లు పెట్టి, యాక్షన్ యూఆర్‌ఎల్‌తో గెట్‌యాక్షన్‌ప్రాక్సీ పిలిచి, ఆ ప్రాక్సీని ఎగ్జిక్యూట్ చేస్తే రిజల్ట్ స్ట్రింగ్ వస్తుంది. ఆపైన యాక్షన్ తీసుకుని ఫీల్డ్‌ఎర్రర్లు చూడండి.

వరుస తప్పకండి. ప్రాక్సీ తయారయ్యేటప్పుడే పారామీటర్లు కాపీ అవుతాయి. ప్రాక్సీ తీసుకున్నాక రిక్వెస్ట్‌లో ఏం పెట్టినా యాక్షన్‌కి అందదు, టెస్ట్ అర్థంకాని విధంగా ఫెయిలవుతుంది. ఎగ్జిక్యూట్‌యాక్షన్ అనే మెథడ్ పేజీ అవుట్‌పుట్‌ని స్ట్రింగ్‌గా ఇస్తుంది గానీ ఫ్రీమార్కర్, వెలాసిటీ టెంప్లేట్లకే. జేఎస్పీ నడవాలంటే సర్వ్‌లెట్ కంటెయినర్ ఉండాల్సిందే.

తేదీలకి తప్పకుండా ఈ మెట్టులో టెస్ట్ రాయండి. యాక్షన్‌లో ఉన్నది జావా యుటిల్ డేట్ అయితే స్ట్రట్స్ దాన్ని రిక్వెస్ట్ లొకేల్ (భాష, దేశం సెట్టింగ్) ప్రకారం చదువుతుంది. 03/04/2024 అని కొడితే అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో మార్చి 4, బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఏప్రిల్ 3. రెండూ చెల్లే తేదీలే కాబట్టి ఎర్రర్ రాదు, సెలవు మాత్రం నెల తేడాతో నమోదవుతుంది. ఈ రెండు లొకేల్స్‌కీ ఒక్కో టెస్ట్ పెట్టండి.

అడిగినవారు

యానొటేషనే లేదండీ. పెట్టగానే ఫారం పనిచేసింది, ధన్యవాదాలు. ఇంకొక సందేహం. ఒక యాక్షన్ ఎగ్జిక్యూట్‌లో సర్వ్‌లెట్‌యాక్షన్‌కాంటెక్స్ట్ నుంచి రిక్వెస్ట్, దాన్నుంచి సెషన్ తీస్తున్నాం. మామూలు యూనిట్ టెస్టులో అక్కడ నల్‌పాయింటర్ వస్తోంది. దానికేం చేయాలి?

జవాబు 1

యాక్షన్‌కాంటెక్స్ట్ థ్రెడ్‌కి కట్టి ఉంటుంది, స్ట్రట్స్ నడవనప్పుడు అది ఖాళీ. యాక్షన్‌తో సెషన్‌అవేర్ ఇంప్లిమెంట్ చేయించండి. అప్పుడు విత్‌సెషన్ మెథడ్‌కి టెస్ట్‌లో మామూలు హ్యాష్‌మ్యాప్ ఇస్తే సరిపోతుంది. యాక్షన్‌సపోర్ట్‌లోని గెట్‌టెక్స్ట్ పిలిచినా ఇదే నల్‌పాయింటర్ రావచ్చు. అలాంటి యాక్షన్లని ప్లగిన్ టెస్టులోకి మార్చడం మేలు.

జవాబు 3

సెలీనియం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. లాగిన్, దరఖాస్తు, మేనేజర్ ఆమోదం లాంటి ముఖ్యమైన దారులకి ఒక్కొక్కటి చాలు. సబ్మిట్ రెండుసార్లు నొక్కితే టోకెన్ ఇంటర్‌సెప్టర్ రెండోదాన్ని ఆపుతోందా అన్నది కూడా బ్రౌజర్‌లోనే చూడండి. ప్రతి వ్యాలిడేషన్ మెసేజ్‌కీ ఒక బ్రౌజర్ టెస్ట్ పెట్టుకుంటే జేఎస్పీలో ఒక ఐడీ మారగానే సగం టెస్టులు విరుగుతాయి. స్లీప్ పెట్టకండి, వెబ్‌డ్రైవర్‌వెయిట్‌తో ఎలిమెంట్ కనబడేదాకా ఆగండి.

మేవెన్‌లో (బిల్డ్ టూల్) ఈ బ్రౌజర్ టెస్టుల క్లాస్ పేర్ల చివర ఐటీ (IT) అని పెడితే యూనిట్ టెస్టుల ప్లగిన్ ష్యూర్‌ఫైర్ ముట్టుకోదు, ఇంటిగ్రేషన్ టెస్టుల ప్లగిన్ ఫెయిల్‌సేఫ్ నడుపుతుంది. జెట్టీ సర్వర్‌ని ప్రీ-ఇంటిగ్రేషన్-టెస్ట్ దశలో లేపి, పోస్ట్-ఇంటిగ్రేషన్-టెస్ట్‌లో ఆపండి. నడపాల్సిన కమాండ్ వెరిఫై, ఇంటిగ్రేషన్-టెస్ట్ కాదు. రెండోది కొడితే బిల్డ్ ఆ దశలోనే ఆగిపోతుంది: సర్వర్‌ని ఆపే దశ రాదు, ఫెయిలైన టెస్టులున్నా బిల్డ్ పచ్చగానే కనబడుతుంది.